మన దేశంలో డేలైట్ సేవింగ్ టైమ్ పెడితే జనం ఒప్పుకుంటారా?

వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపే ఈ పద్ధతిని మన దేశంలో ప్రవేశపెడితే ప్రజలు ఎలా స్పందిస్తారన్నది ప్రశ్న. మొదటి వారం కుతూహలంగా చూస్తారు, రెండో వారం నుంచి వ్యతిరేకిస్తారు, ఆ వ్యతిరేకతలో న్యాయం ఉంటుంది. హైదరాబాదులోనే ఉంటూ తొమ్మిదేళ్ళుగా ఏటా రెండుసార్లు ఈ మార్పును అనుభవిస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా ఆఫీసు గచ్చిబౌలిలో ఉన్నా పని మాత్రం న్యూయార్క్ వేళలతో నడుస్తుంది. అక్కడ ఉదయం 9 గంటలంటే చలికాలంలో మనకు రాత్రి 7.30. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారం తిప్పగానే అది 6.30 అవుతుంది, నవంబరు మొదటి ఆదివారంతో మళ్ళీ 7.30కి వస్తుంది. ఒక ఏడాది మార్చిలో మా క్యాబ్ పికప్ 6.15 నుంచి 5.15కి జరిగింది. తేదీ ఏడాది ముందే తెలిసిన ఈ మార్పును రోస్టర్ వేసేవాళ్ళు శనివారం తెల్లవారుజామున, షిఫ్ట్ అయిపోయాక చెప్పడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

మా డ్రైవరుకు కూకట్‌పల్లిలో మిర్చిబజ్జీల బండి ఉండేది. రోజూ 5 గంటలకు బండి తోసుకొచ్చి, సిలిండరు బిగించి, మూకుడులో నూనె పోసి, భార్యకు అప్పగించి మా దగ్గరికి వచ్చేవాడు. ఆ సోమవారం 4 గంటలకే, నడి ఎండలో బండి తోయవలసి వచ్చింది. చిల్లర ఇచ్చి వస్తానని దారిలో ఒక్క నిమిషం ఆపితే చూశాను. ఆవిడ కొంగు తలమీద కప్పుకొని, వెలిగించని పొయ్యి పక్కన నిలబడి ఉంది. కలిపిన శనగపిండి గిన్నెమీద తడిగుడ్డ కప్పి ఉంది. కొనేవాళ్ళు ఒక్కరూ లేరు. "చల్లబడ్డంకనే జనం వస్తరు సార్. టైమ్ జరిగింది గానీ ఎండ జరగలె గదా" అన్నాడతను.

దేశమంతా ఒకేసారి గడియారం తిప్పితే ఇలాంటి ఇబ్బంది ఉండదని కొందరు అంటారు, కానీ ఆ బజ్జీల బండి దగ్గర నాకు అర్థమైంది వేరు. లండనులో పగలు వేసవిలో పదహారున్నర గంటలు, చలికాలంలో ఎనిమిది గంటల లోపే ఉంటుంది కాబట్టి పని ముగిశాక దొరికే ఎండ వాళ్ళకు భాగ్యం. హైదరాబాదులో అతి పెద్ద పగలు 13 గంటల చిల్లర, అతి చిన్నది సుమారు 11 గంటలు. పైగా మే నెలలో సూర్యుడు ఎప్పుడు దిగుతాడా అని ఎదురుచూసి, ఆ తర్వాతే పిల్లలు ఆటకు, పెద్దలు కూరగాయలకు బయలుదేరతారు. అలాంటి ఊరికి సాయంత్రం మరో గంట ఎండ ఇస్తామంటే ఎవరు సంతోషిస్తారు? కాకినాడ వైపుగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడిచే మన గడియారం ఇప్పటికే హైదరాబాదు సూర్యుడికంటే 16 నిమిషాలు ముందుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 వరకు, ఇక్కడ కూడా గడియారాన్ని గంట ముందుకు జరిపారు, యుద్ధం ముగియగానే వదిలేశారు. అమెరికాలో 1974 జనవరిలో ఏడాది పొడవునా ఇదే వేళ అమలుచేస్తే, పిల్లలు చీకట్లో బడికి వెళ్ళవలసి వస్తోందని తల్లిదండ్రులు మండిపడ్డారు, అదే ఏడాది అక్టోబరుకల్లా వెనక్కి తీసుకున్నారు. 2018లో యూరోపియన్ యూనియన్ అభిప్రాయాలు అడిగితే జవాబిచ్చిన సుమారు 46 లక్షల మందిలో 84 శాతం ఈ తిప్పుడు ఆపమన్నారు. అంత చలిదేశాలవాళ్ళకే విసుగొచ్చిన పద్ధతి ఇది.

ఎండకు తగ్గట్టు వేళ మార్చుకోవడం మనకు తెలియనిది కాదు. తెలంగాణలో మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు పెట్టి, ఉదయం 8 గంటలకు మొదలుపెట్టి 12.30కి పిల్లలను ఇంటికి పంపిస్తారు. గడియారాన్ని ముట్టుకోరు. ఆ ఉత్తర్వు వచ్చిన రోజున ఎందుకు మార్చారని అడిగిన తల్లినీ తండ్రినీ నేను ఇంతవరకు చూడలేదు. ఈ ఏడాది ఇంకా ఎందుకు ఇవ్వలేదని అడిగినవాళ్ళను మాత్రం మా అపార్ట్‌మెంట్‌లోనే చాలామందిని చూశాను.