బ్యాక్‌లైట్ రిపేరు చేయించాక టీవీలో మధ్యలో తెలుపు, పైనా కిందా నీలం – ప్యానెల్ పోయినట్టేనా?

ప్యానెల్ పోలేదు. మీకు రిపేరు చేసినాయన తెర వెనక వెలుగిచ్చే ఎల్‌ఈడీ పట్టీల్లో ఒక్కటే మార్చి మిగతావి అట్లనే వదిలేసి ఉంటాడు. నల్లగొండలో టీవీలు బాగుచేయడమే నా పని. ఎండాకాలమొస్తే ఈ కేసులే.

మొన్న దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన 43 అంగుళాల టీవీని దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చాడు. ఆన్ చేస్తే టెస్ట్ మ్యాచ్ వస్తోంది. బౌలర్ తల నీలం, నడుము తెలుపు, కాళ్లు మళ్లీ నీలం! విప్పితే మధ్య పట్టీ కొత్తది, పైదీ కిందిదీ పాతవి. పాత ఎల్‌ఈడీల మీది పసుపు పూత పగుళ్లిచ్చి ఉంది.

తెల్ల ఎల్‌ఈడీలో అసలు చిప్ ఇచ్చేది నీలం వెలుగే. పైనున్న ఫాస్ఫర్ పూత అందులో కొంత పసుపుగా మారిస్తే, రెండూ కలిసి మనకు తెల్లగా కనబడతాయి. వేడికి పూత చెడితే నీలం బయటపడుతుంది. ఆ నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకే 2014లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. తిట్లు మాత్రం మాకు!

"కాకా, మూడూ మార్చాలె" అన్నాను. "ఒక్కటి పోతే ఒక్కటే ఎయ్యాలె గాని, ఎలిగేటియి ఎందుకు పీకుతవ్?" అన్నాడు. అందరిదీ ఇదే బేరం. పాత గోడకు మధ్యలో కొత్త సున్నం కొడితే కలుస్తుందా? కొత్త ఎల్‌ఈడీలు కూడా అన్నీ ఒకే రంగులో రావు. ఫ్యాక్టరీలో కొలిచి, దగ్గరి రంగులవి ఒక బిన్నులో వేస్తారు. కోఠి గుజరాతీ గల్లీలో విడిగా కొన్న పట్టీ ఏ బిన్నుదో ఎవరికెరుక? అందుకే ఒకే ప్యాకెట్‌లోని ఫుల్ సెట్ వేయించండి. పెద్దాయన చివరికి వేయించుకున్నాడు, సణుగుతూనే.

గుండ్రంగా తెల్ల మచ్చలు పడితే మాత్రం అది వేరే కథ. ఎల్‌ఈడీ మీద వెలుగును పరిచే చిన్న లెన్స్ ఊడిందన్నట్టు.

అసలు దోషం షోరూముల్లో మొదలవుతుంది. కళ్లు జిగేల్‌మనాలని బ్యాక్‌లైట్ 100లో పెట్టి చూపిస్తారు, ఇంట్లోనూ అట్లనే నడుస్తుంది. కరెంటు ఎక్కువైతే వేడి, వేడైతే పూత ఖతం. సెట్ మార్చాక 60కి దించండి. దించాల్సింది బ్యాక్‌లైట్ అని రాసి ఉన్నదాన్నే. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ తగ్గిస్తే నలుపు ఇంకా ముదురుతుంది తప్ప, వెనక ఎల్‌ఈడీలు అంతే మండుతుంటాయి.