మెడ స్కాన్‌కు వెళ్తున్న నా మేనకోడలికి

బిడ్డా,

శనివారం దిల్‌సుఖ్‌నగర్‌లో థైరాయిడ్ అల్ట్రాసౌండ్ స్కాన్‌కు టైమ్ తీసుకున్నావని రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మెడలో ఏదో చేతికి తగులుతోందని నీ అంతట నువ్వే గమనించి, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ డాక్టర్‌కు చూపించుకున్నావట. శభాష్. మన ఇంటి ఆడవాళ్లకు ఒంట్లో ఏం వచ్చినా 'పండగ వెళ్లాక చూద్దాం' అనడమే తెలుసు. కానీ అమ్మకు చెప్పొద్దని నాన్న దగ్గర మాట తీసుకోవడమేంటి? సంబంధాలు చూస్తుంటే ఇదేంటి అంటారనా? అనేవాళ్లను అననీ. వేరేవాళ్ల నోట వింటే వదిన ఇంకా బాధపడుతుంది. ఈరోజే చెప్పు.

స్కాన్ గురించైతే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పరగడుపున వెళ్లక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్లు. నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు. భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చమంటారు. మెడ మీద చల్లటి జెల్ రాసి ప్రోబ్ తిప్పుతారు. పావుగంట పని. మెడ బిగుతుగా లేని డ్రెస్ వేసుకో. గొలుసు మాత్రం ఇంట్లో బీరువాలో పెట్టి వెళ్లు. అక్కడ తీసి దిండు పక్కన పెట్టి, మర్చిపోయి, సాయంత్రం ఏడుస్తూ వచ్చినవాళ్లను నేను చాలామందినే చూశాను. ఇంకోటి, రిసెప్షన్‌లో అమ్మాయి అలవాటు కొద్దీ 'నీళ్లు బాగా తాగి కూర్చోండి మేడమ్' అంటుంది. అది కడుపు స్కాన్‌కు. నాది మెడ అని చెప్పు, లేకపోతే బాటిళ్లు పట్టుకున్న గర్భిణుల వరుసలో నువ్వూ ఊరికే తాగుతూ కూర్చుంటావు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా. మీ నానమ్మ గొంతు మొదటి నుంచీ బొంగురే అనుకుంటావు కదా. కాదు. వారాసిగూడలో మా గల్లీలో బతుకమ్మ ఆడితే పాట ఎత్తుకునేది మా అమ్మే. వెనక చప్పట్లు కొట్టేవాళ్లకు ఊపిరి అందేది కాదు కానీ ఆవిడకు మాత్రం అలుపుండేది కాదు.

ఎవరో హెల్త్ చెకప్ ప్యాకేజీ అంటే వెళ్లింది. అందులో మెడ స్కాన్ కూడా ఉంది. ఎడమ వైపు 8 మి.మీ. గడ్డ అని రాశారు, ఒకటే అంకె. రెండేళ్లకు ఇంకో సెంటర్‌లో మళ్లీ తీయించారు. అక్కడ 7×8×11 అని వచ్చింది. 8 కాస్తా 11 అయింది, పెరుగుతోంది అన్నారు. పాత బొమ్మ చూద్దామంటే, రిపోర్టుకు పిన్ చేసిన ఆ మెత్తటి కాగితం ఎండ తగిలే కిటికీలో ప్లాస్టిక్ కవర్లో ఉండి ఉండి తెల్లగా అయిపోయింది. ఇంట్లో ఒకటే ఏడుపులు. సూదితో గడ్డలోంచి కాస్త తీసి చూసే సూది పరీక్ష కూడా లేకుండా, ఒక ఆసుపత్రిలో థైరాయిడ్ గ్రంథి సగం తీసేశారు. బయాప్సీలో మామూలు గడ్డే అని తేలింది. గొంతు నరం దెబ్బతింది, మాట తిరిగి రాలేదు. అంటే వచ్చింది కానీ పాట రాలేదు. ఆ మరుసటి బతుకమ్మ నుంచి ఆవిడా చప్పట్లే కొట్టింది.

తర్వాత నేను స్కానింగ్ సెంటర్‌లో రిపోర్టులు టైప్ చేసే పనిలో చేరాక గానీ నాకు తెలియలేదు. ఏ గడ్డకైనా మూడు కొలతలు ఉంటాయి. మొదటివాళ్లు రాసిన 8 అడ్డం కొలత. రెండోవాళ్ల 11 నిలువుది. అడ్డాన్ని నిలువుతో పోల్చి పెరిగింది అన్నారు! నిజంగా పెరిగిందనాలంటే సాధారణంగా కనీసం రెండు కొలతల్లో 20 శాతం, అదీ 2 మి.మీ.కి తగ్గకుండా పెరగాలి. తీసే చేయి మారితే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే.

అందుకే రిపోర్టు చేతికి రాగానే అక్కడే నిలబడి చదువు. మూడు కొలతలు ఉన్నాయా? ఏ వైపు, పైనా కిందా అన్నది ఉందా? టైరాడ్స్ నంబర్ రాశారా? గడ్డ చూడ్డానికి ఎంత అనుమానంగా ఉందో చెప్పే నంబర్ అది, 1 నుంచి 5 వరకు ఉంటుంది, పెరిగేకొద్దీ అనుమానం ఎక్కువ. 3 అయితే 2.5 సెం.మీ., 4 అయితే 1.5, 5 అయితే 1 సెం.మీ. దాటితేనే సాధారణంగా సూది పరీక్ష చేయమంటారు. మెడలో లింఫ్ గ్రంథుల (బిళ్లలు కట్టేవి) గురించి ఒక లైన్ ఉండాలి. లేకపోతే డాక్టర్‌ను అడిగి రాయించుకో, సిగ్గుపడకు. బొమ్మలు సీడీలో ఇమ్మను, కాగితాన్ని ఆ రోజే ఫోన్‌లో ఫోటో తీసుకో.

థైరాయిడ్ గ్రంథి హార్మోన్ సరిగా వదులుతోందా అన్నది స్కాన్ చెప్పదు, దానికి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఉండాల్సిందే.

గడ్డ అని ఉంటే వెంటనే బెదిరిపోకు, వీటిలో ఎక్కువ శాతం ప్రమాదం లేనివే. దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా మెడ స్కాన్లు విరివిగా చేస్తే, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. చావులు మాత్రం తగ్గలేదు. అంటే అలా వెతికి పట్టుకున్నవాటిలో చాలావరకు ప్రాణం తీయనివే. అయినా నీ సంగతి వేరు, నీకు చేతికి తగిలింది, డాక్టర్ చూసి పంపాడు. నువ్వు చేయించుకోవాల్సిందే.

రిపోర్టు గూగుల్‌లో పెట్టి రాత్రంతా కూర్చోకు. ఎవరైనా ఆపరేషన్ అంటే, ఒప్పుకునే ముందు రెండో డాక్టర్ దగ్గరికి నేను తీసుకెళ్తా. శనివారం పదింటికి మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను. అమ్మను కూడా తీసుకురా.

నీ మేనత్త