చర్మం కోసం వేసుకున్న బయోటిన్ మాత్ర థైరాయిడ్ రిపోర్టును మార్చేసిందా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తిరుపతిలో ఉంటాను. చంద్రగిరి వైపు ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని కావడంతో రోజూ స్కూటీ మీదే రాకపోకలు. చాలా ఏళ్లుగా థైరాక్సిన్ 100 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాక్సిన్ తక్కువైతే పెరిగి, ఎక్కువైతే తగ్గే హార్మోన్) ఎప్పుడూ సరిగానే ఉండేది. ఏడాదిగా నెలసరి క్రమం తప్పింది. బుగ్గల మీద మంగు, కళ్ల పక్కన ముడతలు కనిపిస్తున్నాయి. చర్మానికీ జుట్టుకూ మంచిదని సంక్రాంతి నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్ మాత్ర, కొలాజన్ అనే ప్రొటీన్ పొడి తీసుకుంటున్నాను. ఉగాది తర్వాత చేయించిన పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువగా, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాక్సిన్) ఎక్కువగా వచ్చిందని డాక్టరు గారు మాత్రను 75కు తగ్గించారు. అప్పటి నుంచి నీరసం, మలబద్ధకం ఉన్నాయి. చర్మం మరీ పొడిబారింది, పొద్దున్నే ముఖం ఉబ్బినట్టుంటోంది, జుట్టు రాలుతోంది. ఇదంతా వయసు వల్లేనని, గ్లూటాథయోన్ డ్రిప్ పది సార్లు పెట్టించుకుంటే మళ్లీ పడుచుదనం వస్తుందని బ్యూటీ పార్లర్‌లో చెబుతున్నారు. వాళ్లే ఇచ్చిన నైట్ క్రీమ్ నెల రోజులుగా రాస్తున్నాను. కార్తీకంలో మా అమ్మాయి పెళ్లి. మేము శాకాహారులం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

డాక్టర్ సలహా: మీరు అడిగింది ముడతల గురించే అయినా, మీ ఉత్తరం చదువుతుంటే నా దృష్టి ముందుగా నిలిచింది థైరాయిడ్ రిపోర్టు మీద. ఏళ్ల తరబడి ఒకే మోతాదుతో నిలకడగా ఉన్న టీఎస్‌హెచ్, బయోటిన్ మొదలుపెట్టిన కొద్ది నెలలకే ఒక్కసారిగా పడిపోవడం, దాని వెంటే మాత్ర తగ్గించడం, ఆ తర్వాత నీరసం, మలబద్ధకం, పొడి చర్మం, ముఖం ఉబ్బడం, జుట్టు రాలడం వరుసగా రావడం చూస్తే, మీరు ముసలితనం అనుకుంటున్న దానిలో కొంత భాగం థైరాక్సిన్ చాలకపోవడమేనన్న అనుమానం నాకు బలంగా కలుగుతోంది. ఉత్తరం చూసి దీన్ని నిర్ధారించలేను. అయితే నిర్ధారించుకోవడం పెద్ద కష్టమేమీ కాదు, ఖర్చు కూడా తక్కువే.

చాలా ల్యాబుల్లో హార్మోన్లను కొలిచే యంత్రాలు బయోటిన్‌కూ, స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌కూ మధ్య ఉండే గట్టి బంధం ఆధారంగా పని చేస్తాయి. పరీక్షకు ఇచ్చిన రక్తంలోనే బయోటిన్ అతిగా ఉంటే అది మధ్యలో దూరి ఆ బంధాన్ని చెడగొడుతుంది. దానివల్ల టీఎస్‌హెచ్ అంకె అసలు ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4 అంకె ఎక్కువగా వస్తుంది. ఈ రెండూ కలిపి చూసిన ఏ వైద్యుడికైనా రోగి థైరాక్సిన్ ఎక్కువగా వేసుకుంటున్నారనే అనిపిస్తుంది కనుక, మోతాదు తగ్గించిన మీ డాక్టరు గారిని తప్పు పట్టడానికి లేదు. బయోటిన్ సంగతి మీరు ఆయనకు చెప్పి ఉండకపోవచ్చు, ఎందుకంటే అందం కోసం మింగేదాన్ని మందుగా లెక్కించే అలవాటు మనవాళ్లలో లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే ఈ విషయమై హెచ్చరిక జారీ చేసింది. గుండెపోటును పసిగట్టే ట్రోపోనిన్ పరీక్షలో కూడా బయోటిన్ వల్ల తప్పుడు ఫలితం వచ్చి ఒక రోగి మరణించిన సంగతిని అందులో పేర్కొంది.

మనిషికి రోజుకు కావలసిన బయోటిన్ 30 నుంచి 40 మైక్రోగ్రాములు మాత్రమే. మీ మాత్రలో ఉన్న 10 మిల్లీగ్రాములంటే 10,000 మైక్రోగ్రాములు, అంటే అవసరానికి కనీసం 250 రెట్లు. బయోటిన్ లోపం నిజంగా ఉన్నవారు చాలా అరుదు. లోపం లేనివారికి ఈ మాత్ర వల్ల చర్మం బిగుస్తుందనో, జుట్టు ఒత్తవుతుందనో చెప్పేందుకు గట్టి ఆధారం లేదు. ఆ కొద్దిపాటి బయోటిన్ మన చిత్తూరు వైపు చేలల్లో పండే చెనక్కాయల్లోనే ఉంది.

కాబట్టి ఆ మాత్రను ఈరోజే ఆపండి. ఆపిన రెండు రోజులకే పరీక్ష చేయించుకోవచ్చంటారు గానీ, మీరు వాడిన మోతాదు పెద్దది కనుక నేనైతే వారం ఆగమంటాను. ఆ తర్వాత టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మళ్లీ చేయించి, పాత రిపోర్టులతో పాటు బయోటిన్ సీసాను కూడా మీ డాక్టరు గారికి చూపించండి. నా జవాబు చదివి థైరాక్సిన్‌ను మీ అంతట మీరు మళ్లీ 100కు పెంచుకోకూడదు. ఆ నిర్ణయం కొత్త రిపోర్టు చూసి ఆయనే తీసుకోవాలి. మోతాదు మారిస్తే దాని ఫలితం రక్తపరీక్షలో స్థిరపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఐరన్, క్యాల్షియం కలిసిన మాత్రలు ఏవైనా వేసుకుంటుంటే థైరాక్సిన్‌కూ వాటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మన ఇళ్లలో తెల్లవారగానే గొంతులో పడే ఫిల్టర్ కాఫీ కూడా థైరాక్సిన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. మాత్ర నీళ్లతో మింగి, కాఫీకి గంటసేపు ఓపిక పట్టండి.

ఇక పార్లర్ వారు చెబుతున్న డ్రిప్ విషయంలో నా సలహా ఒక్కటే: పెట్టించుకోకండి. గ్లూటాథయోన్ మూడు అమైనో ఆమ్లాలతో మన శరీరమే తయారు చేసుకునే పదార్థం. దీన్ని అమ్మేవారు ప్రచారం చేసేది ప్రధానంగా రంగు తగ్గిస్తుందని. ముడతలు పోవడానికీ దీనికీ సంబంధం ఉన్నట్టు రుజువు లేదు. తెల్లగా కనిపిస్తే పడుచుగా కనిపించినట్టేనన్న భ్రమను సొమ్ము చేసుకునే వ్యాపారమిది. నిజానికి మన చామనఛాయలోని మెలనిన్ అనే రంగు పదార్థం ఎండ నుంచి కాపాడుతుంది కనుకనే తెల్లజాతి వారికంటే మనకు ముడతలు ఆలస్యంగా వస్తాయి. చర్మం తెల్లబడటానికి వాడే ఇంజెక్షన్ ఒక్కదానికి కూడా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇవ్వలేదు. ఇలాంటి డ్రిప్‌ల వాడకం బాగా పెరిగిన ఫిలిప్పీన్స్‌లో అక్కడి నియంత్రణ సంస్థ కిడ్నీలు, థైరాయిడ్ దెబ్బతినవచ్చని, ప్రాణాంతకమైన చర్మ ప్రతిచర్యలు రావచ్చని ప్రజలను హెచ్చరించింది. థైరాయిడ్ సమస్య ముందే ఉన్న మీకు ఇది వేరే చెప్పాలా? పైగా సెలైన్ ఎక్కుతుండగా ఒక్కసారిగా బీపీ పడిపోయి ఊపిరి అందకపోతే అడ్రినలిన్ ఇచ్చి కాపాడగలిగేవారు పార్లర్‌లో ఉండరు.

పార్లర్ క్రీమ్ గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు కానీ, నాకు దాని డబ్బా చూడాలని ఉంది. దాని మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, కలిపిన పదార్థాల జాబితా లేకపోతే ఇంకేమీ ఆలోచించకుండా పక్కన పెట్టేయండి. వారం పది రోజుల్లోనే ముఖం తేటపడి, రాయడం మానగానే ఎర్రబడి మండుతోందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటి క్రీములు నెలల తరబడి రాసిన ముఖాల్లో చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు పైకి తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మా ఓపీలో ఇది రోజూ చూసే సంగతే. స్టెరాయిడ్ పూత మందులను వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధనలు బిగించినా, ఏ పేరూ లేని డబ్బాలో కలిపి ఇచ్చేవారికి ఆ నిబంధన పట్టడం లేదు. కొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కూడా ఉంటుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో అలాంటి క్రీములు వాడినవారికి కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు బయటపడ్డాయి. క్రీమ్ ఆపాక మంట, ఎరుపు ఎక్కువైతే దాన్నే మళ్లీ రాయకుండా చర్మవైద్యులను కలవండి.

కొలాజన్ పొడి వల్ల పెద్ద ప్రమాదం లేదు, పెద్ద ప్రయోజనమూ లేదు. మనం మింగిన కొలాజన్ కడుపులో చిన్న పెప్టైడ్లుగా, అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. అది నేరుగా వెళ్లి బుగ్గల్లో చేరదు. చర్మంలో తేమ కొద్దిగా పెరిగిందని కొన్ని అధ్యయనాలు చెప్పినా, వాటిలో చాలా వాటికి డబ్బు పెట్టింది ఆ పొడి అమ్మే కంపెనీలే. మీకు అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: కొలాజన్ జంతువుల శరీరంలోనే తయారవుతుంది. మార్కెట్లో దొరికే పొడి చేపల పొలుసులు, చర్మం నుంచో, పశువుల చర్మం, ఎముకల నుంచో తీసినది. డబ్బా తిప్పి చూస్తే చదరంలో గోధుమరంగు త్రికోణం గుర్తు కనిపించవచ్చు. శాకాహారమని ఆకుపచ్చ చుక్కతో అమ్మే వాటిలో ఉండేది సాధారణంగా సి విటమిన్, అమైనో ఆమ్లాలు, మొక్కల సారాలే తప్ప కొలాజన్ కాదు. మెత్తటి జెలటిన్ గొట్టాలు (క్యాప్సూల్స్) కూడా జంతువుల నుంచి తీసినవే. ఆ డబ్బుతో పప్పు, పెరుగు, ఉసిరి, జామ కొనుక్కుంటే మీ చర్మానికి కావలసిన ముడిసరుకు అందుతుంది.

అయితే ముడతలు, మంగు నిజంగానే ఉన్నాయి కదా, వాటికేమిటి అని మీరు అడుగుతారు. నెలసరి ఆగిన తొలి అయిదేళ్లలో స్త్రీల చర్మంలోని కొలాజన్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. మీరు ఆ దశకు దగ్గరపడుతున్నారు. దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ ముఖం మీద కనిపించే మార్పుల్లో ఎక్కువ భాగం వయసుది కాదు, ఎండది. నమ్మకం కలగకపోతే రవిక చేతి కింద దాగిన మీ పై చేయి లోపలి చర్మాన్ని అద్దంలో బుగ్గ పక్కన పెట్టి చూడండి. రెండింటి వయసూ 47 ఏళ్లే; ఒకటి ఇంకా నునుపుగా, ఒకే రంగులో ఉంటుంది, మరొకటి రోజూ స్కూటీ మీద తిరుపతి ఎండకు ఎదురు వెళుతోంది.

అందుకని మీరు కొనవలసిన మొదటి వస్తువు సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నంబోర్ పట్టణంలో పెద్దలను నాలుగున్నరేళ్లు పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనంలో, సన్‌స్క్రీన్ రోజూ రాసినవారి చర్మం ఇష్టమున్నప్పుడు రాసినవారి చర్మం కంటే స్పష్టంగా తక్కువగా వయసు మీరినట్టు తేలింది. ఎస్‌పీఎఫ్ 30 లేదా 50 ఉండి, సూర్యుడి యూవీఏ కిరణాల నుంచి రక్షణను తెలిపే పీఏ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉన్నది తీసుకోండి. మంగును మామూలు వెలుతురు కూడా ముదరబెడుతుంది కనుక, ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత గోధుమరంగు సన్‌స్క్రీన్ అయితే మీకు మరింత మేలు. చాలామంది చేసే పొరపాటు పరిమాణంలో ఉంటుంది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలుగా పిండినంత క్రీము ముఖానికీ మెడకూ కలిపి కావాలి. ఈ లెక్కన రోజుకు ఒక్కసారి రాసినా 50 గ్రాముల ట్యూబు నెలా పదిహేను రోజులకు మించి రాదు. మీ ట్యూబు ఆరు నెలలు వచ్చిందంటే మీరు రాయనట్టే లెక్క. ఉదయం బయలుదేరే ముందు రాసింది సాయంత్రం వరకు నిలవదు కాబట్టి, బడి వదిలాక స్కూటీ తీసే ముందు ముఖం కడిగి మళ్లీ రాయాలి. హెల్మెట్ అద్దం దించి, చున్నీ చుట్టుకున్నా సన్‌స్క్రీన్ మానకూడదు; బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా అంతే, ఎందుకంటే ముడతలకు ప్రధాన కారణమైన యూవీఏ కిరణాలు గాజును దాటి వస్తాయి.

రెండోది ఎ విటమిన్ కుటుంబానికి చెందిన ట్రెటినాయిన్ పూత. మొటిమలకు దీన్ని వాడిన మధ్యవయసు స్త్రీల ముఖంలో సన్నని ముడతలు తగ్గడం గమనించాకే, 1980లలో వైద్యులు దీన్ని ఎండ వల్ల ముదిరిన చర్మం మీద పరీక్షించారు. ముడతల మీద ఇంత కాలంగా, ఇంత లోతుగా పరీక్షించిన పూత మందు మరొకటి లేదు. మంగు పలచబడటానికీ తోడ్పడుతుంది. ఇది వైద్యుడి చీటీ మీదనే వాడవలసిన మందు. సాధారణంగా 0.025 శాతంతో మొదలుపెట్టి, రాత్రి పూట ముఖం కడిగి పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత మాత్రమే ముఖమంతటికీ పలచగా, మొదట్లో వారానికి రెండు రాత్రులు రాయమంటాం. తొలి వారాల్లో చర్మం పొట్టు లేస్తుంది, కొద్దిగా మండుతుంది. దానికి బెదిరి మానేస్తే ఫలితం చూడలేరు. నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మీకు నెలసరి క్రమం తప్పిందే తప్ప ఆగలేదు, కాబట్టి గర్భం వచ్చే అవకాశం పూర్తిగా తోసిపుచ్చలేం. ఆ అనుమానం ఉన్నప్పుడు ఈ మందు వాడకూడదు. పార్లర్ క్రీమ్‌లో స్టెరాయిడ్ ఉందని తేలితే ముందు చర్మం కోలుకోవాలి, ఆ తర్వాతే ట్రెటినాయిన్. తిరుపతిలో రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో చూపించుకోవచ్చు. ప్రైవేటుగా వెళితే ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్ (చర్మవైద్యంలో పీజీ డిగ్రీ, డిప్లొమా) చదివినవారేనా అన్నది బోర్డు మీద చూసుకోండి.

బొటాక్స్ ఇంజెక్షన్ కళ్ల పక్కన ముడతలకు బాగానే పని చేస్తుంది, ప్రభావం మూడు నాలుగు నెలలు ఉంటుంది. అర్హత ఉన్న వైద్యుల చేతిలో అయితే నాకు అభ్యంతరం లేదు, కానీ మీకిప్పుడు అది అవసరం అనుకోను.

పెళ్లికి వ్యవధి ఉంది కనుక కంగారుపడి ఏదీ చేయించుకోకండి. కెమికల్ పీల్ (రసాయనంతో చర్మం పైపొర తీయడం), లేజర్ లాంటివి మన ఛాయ చర్మం మీద కొంచెం శ్రుతి మించినా నల్లటి మచ్చలు మిగిల్చి, అవి మానడానికి నెలలు తీసుకుంటాయి. చర్మవైద్యులు పీల్ చేద్దామన్నా అది ముహూర్తానికి కనీసం నెల ముందే ముగియాలి. ట్రెటినాయిన్ వాడుతున్నన్నాళ్లు ముఖానికి వ్యాక్సింగ్, బ్లీచ్ వద్దు. పై పెదవి మీద వ్యాక్స్ లాగితే చర్మం కూడా ఊడి వస్తుంది. పెళ్లి కోసం పై పెదవి, కనుబొమలు చేయించుకోవాలనుకుంటే వారం ముందు నుంచి పూత ఆపి, దారంతో చేయించుకోండి. కొత్త ఫేషియల్ ఏదీ చివరి రెండు వారాల్లో ప్రయత్నించకండి.