బయల్దేరే ముందు మొత్తం చదువు చిన్నా

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "పొద్దున అనుకున్నాడట వదినా, శనివారం తెల్లారగానే ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఊరు చూడ్డానికి బయల్దేరుతున్నారు, ఆదివారం రాత్రికి వచ్చేస్తారట, చేతిలో డబ్బు కూడా అంతంత మాత్రమే, నువ్వైనా ఒక మాట చెప్పు" అంది. చెప్పమంటే ఆపమనే. నేను ఆపను. కాస్త డబ్బు చేతికొచ్చాక వెళ్దాం, పిల్లలు కొంచెం ఎదిగాక వెళ్దాం అని మేము పక్కన పెట్టిన ఊళ్ళు చాలా ఉన్నాయి. డబ్బు చేతికొచ్చేసరికి పిల్లలకి మాతో వచ్చే తీరిక పోయింది, మీ మావయ్యకి మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. నువ్వు రెండు రోజులు ఖాళీ దొరికితే చాలని లేచి బయల్దేరుతున్నావని వినగానే నాకు చాలా గర్వంగా అనిపించింది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఇంకా తెల్లారకుండానే కూర్చుని రాస్తున్నాను. పొడుగైనా సరే మొత్తం చదువు, మీ ఆవిడకి కూడా చదివి వినిపించు.

మామూలు సంగతులు నీకు తెలుసు, ఒక్కో ముక్కలో చెప్పేస్తాను. పెద్దదానికి మూడు జతల బట్టలు, బుడ్డోడికి ఐదు. తడిసినవి పెట్టడానికి ఖాళీ కవర్లు. జ్వరం మందు, దాంతో పాటు వాడి బరువుకి ఎంత వేయాలో డాక్టర్ రాసిచ్చిన చీటీ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు మూడు పెట్టుకో, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని ఉంటే అన్ని నీళ్ళలోనే కలపాలి, వాంతులవుతున్నాయి కదా అని చిక్కగా కలిపితే మేలు బదులు కీడు జరుగుతుంది, కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు. కొత్త చెప్పులు వద్దు, అలవాటైనవే వేయండి. మ్యూజియం లాంటిది చూడాలనుకుంటే ఎప్పుడు తెరుస్తారో, పిల్లలకి టికెట్ ఉందో లేదో ఇవాళే చూసుకో.

గది గురించి మాత్రం నీతో కాస్త పోట్లాడాలి. ఊరి చివర సగం అద్దెకే దొరుకుతోందని అక్కడ బుక్ చేద్దామనుకుంటున్నావట. వద్దు నాన్నా. బుడ్డోడికి రెండేళ్ళు. ఆ వయసు పిల్లలు పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు నిద్రపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, మీ పెద్దదానిలా మూడు నాలుగేళ్ళ వాళ్ళకి 10 నుంచి 13 గంటలు. గది దూరంగా ఉంటే మధ్యాహ్నం వెనక్కి వచ్చి పడుకోబెట్టడం కుదరదు. కుదరనప్పుడు ఏమవుతుంది? వాడు మూడు గంటలకి ఏడుపు మొదలుపెడతాడు, నాలుగింటికి పెద్దది మొదలుపెడుతుంది, ఐదింటికి మీరిద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు, ఆరింటికి ఎవరి కళ్ళూ సరిగ్గా పని చేయవు. నాకు భయం ఆ ఆరింటి గురించే. మీరు చూడాలనుకున్న చోట్లకి నడిచి వెళ్ళగలిగేంత దగ్గరలో చిన్న గది తీసుకో, ఇరుకైనా పర్వాలేదు, శుభ్రంగా ఉంటే చాలు. ఆ ఖర్చు ఇంకెక్కడైనా మిగుల్చుకోవచ్చు. పార్కుకి డబ్బులక్కర్లేదు, నది ఒడ్డుకి అక్కర్లేదు, పాత వీధుల్లో తిరగడానికి అక్కర్లేదు. నాలుగేళ్ళ పిల్లకి గొప్ప కట్టడమూ ఒకటే, దాని ముందు పావురాలు వాలే మెట్లూ ఒకటే, ఇంకా చెప్పాలంటే మెట్లే ఎక్కువ. పొద్దున ఒక చోటు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఒక చోటు. అంతకు మించి రాసుకోవద్దు.

ఇలా ఎందుకంటున్నానో చెప్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

ముప్పై మూడేళ్ళ కిందట, నువ్వింకా పుట్టలేదు, మేము కూడా ఇలాగే ఉన్నట్టుండి రెండు రోజులకని ఒక పెద్ద ఊరు బయల్దేరాం. మీ బావకి ఐదేళ్ళు, మా చిన్నది పది నెలల పిల్ల. మళ్ళీ ఎప్పటికి వస్తామో ఏమో, వచ్చాం కాబట్టి అన్నీ చూసేయాలని నేనే ఒక కాగితం మీద తొమ్మిది చోట్లు రాసుకున్నాను. మీ మావయ్య మూడు చాలన్నారు. నేను వినలేదు. ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చి గదిలో పడుకుంటామా అన్నాను. శనివారం సాయంత్రానికి ఆరు చోట్లు అయ్యాయి, ఏ చోట ఏం చూశామని అడిగితే ఇప్పుడు ఒక్కటి కూడా చెప్పలేను. చిన్నది పొద్దుటినుంచీ సరిగ్గా నిద్రపోలేదు. మీ బావ నడవలేక నడవలేక నా సంచి పట్టుకుని వేలాడుతున్నాడు. మీ మావయ్య ట్యాక్సీలో గదికి వెళ్ళిపోదాం అన్నారు. బస్సు ఉండగా అంత డబ్బు ఎందుకు అన్నాను నేను.

బస్సు వచ్చింది, ఒకటే జనం. మీ మావయ్య చిన్నదాన్ని ఎత్తుకుని ముందు తలుపు వైపు పరిగెత్తారు, నేను రెండు సంచులు పట్టుకుని వెనక తలుపులో ఎక్కాను. వాడు ఆయనతో ఎక్కాడని నేను, నాతో ఎక్కాడని ఆయన. ఒక్క మాట, ఒకే ఒక్క మాట, "వాడు నీ దగ్గరున్నాడా" అని ఎవరమూ అడగలేదు. రెండు స్టాపులు దాటాక జనం కాస్త పల్చబడితే మధ్యలోంచి ఆయన ముఖం కనబడింది. పిల్లాడేడీ అన్నట్టు చూశారు. నేనూ ఆయన వైపు అలాగే చూస్తున్నాను. చిన్నా, అంత చప్పుడులోనూ నాకు చెవులు మూసుకుపోయినట్టయింది. కేక వేశాననుకున్నాను గానీ గొంతులోంచి మాట రాలేదట, పక్కనున్నవాళ్ళే బస్సు ఆపించారు.

అప్పుడు సెల్‌ఫోన్లు లేవు. చిన్నదాన్ని నా చేతిలో పడేసి ఆయన వెనక్కి పరిగెత్తారు. నేను ఒక సంచి రోడ్డు మీదే వదిలేసి, పిల్లని గుండెలకి అదుముకుని ఆయన వెనకాల పరిగెత్తాను. దారి పొడుగునా ఎదురొచ్చిన ప్రతి బస్సు చక్రాల వైపే చూశాను. అంతా కలిపి ఇరవై నిమిషాలే అంటారు. కావచ్చు.

వాడు అక్కడే ఉన్నాడు. స్టాపులో ఇనుప స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన తన ఇద్దరు పిల్లలతో ఒకావిడ ఉంది, వీణ్ణి వదిలి వెళ్ళలేక వాళ్ళ బస్సులు రెండు వదిలేసుకుందట. మీ అమ్మ పేరేంటి అని అడిగితే "అమ్మ" అన్నాడట. ఎక్కడ దిగారు అంటే "ఫ్యాన్ చప్పుడు చేసే గదిలో" అన్నాడట. ఏడవలేదట కూడా, మా అమ్మ ఇప్పుడే వస్తుంది అని చెప్తూనే ఉన్నాడట. నన్ను చూడగానే నవ్వుతూ పరిగెత్తుకొచ్చాడు.

నేను కొట్టాను. దగ్గరికి తీసుకోకుండా, వీపు మీద గట్టిగా ఒకటి వేసి, చెయ్యి వదలొద్దని ఎన్నిసార్లు చెప్పాను అని అందరి ముందూ అరిచాను. అప్పుడు ఏడ్చాడు వాడు. ఆవిడ మెల్లగా "పిల్లాడి తప్పేముందమ్మా" అంది. నిజమే, వాడు ఎవరి చెయ్యీ వదల్లేదు, మేమే వదిలేశాం. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. ఆవిడకి దండం పెట్టి ఉండాల్సింది, అది కూడా తట్టలేదు.

వాడి పెళ్ళికి ముందు ఒకరోజు ఏవో పాత కబుర్లు చెప్పుకుంటుంటే ఈ మాట వచ్చింది. తప్పిపోయిన సంగతి వాడికి గుర్తే లేదు. బస్టాపులో అమ్మ కొట్టిన దెబ్బ మాత్రం గుర్తుంది, ఎందుకో తెలీదు, "నేనే ఏదో చేసుంటాలే" అన్నాడు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ తప్పు వాడు తనదే అనుకున్నాడు. అప్పుడు కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. పోనీలే అమ్మా అన్నాడు. నాకు మాత్రం అది పోలేదు, ఇప్పటికీ.

కాబట్టి నా మాట విను. మీరిద్దరూ వెళ్తున్నారు, ఇద్దరు పిల్లలున్నారు, చెరొకరిని చూసుకుందామని గాలికి అనుకుని ఊరుకోవద్దు. పిల్ల ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారిన ప్రతిసారీ నోటితో చెప్పాలి: "పెద్దది నీ దగ్గర." అవతలివాళ్ళు "నా దగ్గరే" అనాలి. ఆ జవాబు వినబడేదాకా కళ్ళు తిప్పకూడదు. నువ్వు టికెట్ తీసుకోవడానికి వెళ్ళినా, మీ ఆవిడ బాత్రూమ్‌కి వెళ్ళినా, ఫోన్లో దారి చూస్తున్నా సరే. దారి చూసేవాళ్ళ దగ్గర పిల్లల్ని ఉంచకు, ఫోన్ చూసేటప్పుడు మనం ఇంకేదీ చూడం, నువ్వైతే అసలే చూడవు, నాకు తెలుసు. బస్సో రైలో ఎక్కేటప్పుడు నలుగురూ ఒకే తలుపు. ఒకే తలుపులో చోటు లేదా, ఆ బస్సు వదిలేయ్, ఇంకోటి వస్తుంది.

రేపు పొద్దున ఇంట్లోంచి బయటికి కాలు పెట్టే ముందు పిల్లలిద్దరినీ నిలబెట్టి తల నుంచి కాళ్ళదాకా కనబడేలా ఒక ఫోటో తీయి. ఏదైనా జరిగితే ఆ కంగారులో ఏ రంగు చొక్కా వేశామో కూడా మనకి గుర్తుకు రాదు. ఆదివారం బట్టలు మారతాయి కాబట్టి మళ్ళీ తీయి. మీ ఇద్దరి ఫోన్ నంబర్లూ ఒక చీటీ మీద రాసి పెద్దదాని జేబులో పెట్టు, బుడ్డోడికైతే ముంజేతి మీద పెన్నుతోనే రాయి. పెద్దదానికి నాలుగేళ్ళు, ఇవాళ సాయంత్రం నేర్పితే రేపటికి వచ్చేస్తుంది: అమ్మ పేరు, నాన్న పేరు, కనబడకపోతే ఉన్నచోటే నిలబడాలి, అమ్మానాన్నల్ని పేరు పెట్టి గట్టిగా పిలవచ్చు, సాయం కావాలంటే పిల్లలతో ఉన్న ఆంటీని అడగాలి. భయపెట్టి చెప్పకు, ఆటలా చెప్పు. "తప్పిపోతే నాన్న కోప్పడడు" అని కూడా చెప్పు, ఇది మర్చిపోకుండా చెప్పు. తిడతారేమోనని దాక్కునే పిల్లలుంటారు. ఒకవేళ, అలాంటిది జరగకూడదు, జరిగితే మాత్రం దొరకగానే ఎత్తుకో. ఒక్క మాట కూడా అనకు.

బస్సులో పెద్దది ఫోన్ అడుగుతుంది, ఇవ్వకు. కదులుతున్నామని లోపలి చెవికి తెలుస్తుంది, కళ్ళు మాత్రం కదలని బొమ్మ మీద ఉంటాయి, ఆ రెండూ పొసగకే కడుపులో తిప్పుతుంది. రెండేళ్ళు దాటిన పిల్లలకి ఇది ఎక్కువ. కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరంగా ఉన్నవి చూపించు.

ఇంకొకటి, గదిలోకి అడుగు పెట్టగానే సంచులు దించకముందే కిటికీలు, బాల్కనీ చూడు. కుర్చీగానీ బల్లగానీ కిటికీ దగ్గరుంటే ఇవతలికి లాగేయి. రెండేళ్ళవాడు కుర్చీ ఎక్కడం ఎంతసేపు? వేడినీళ్ళ కొళాయి ముందు నీ మోచేతి మీద చూసుకో, కొత్తచోట ఎంత కాగుతాయో మనకి తెలీదు, 60 డిగ్రీల నీళ్ళు పసివాళ్ళ చర్మాన్ని కొన్ని క్షణాల్లోనే కాల్చేస్తాయి. రోడ్డు మీద అమ్మే వెలుగుల బొమ్మలు కొనివ్వకు, అందులో గుండీ బ్యాటరీలు ఊడి వచ్చేస్తాయి, మింగితే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తాయి. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించాలని చూడకుండా సూటిగా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇవన్నీ చదివి అత్త మరీ భయపడుతోందనుకుంటావు. భయపడుతున్నాను. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకంటే ముందు నిన్ను చేతుల్లోకి తీసుకున్నది నేనే, ఇప్పుడు ఆ చేతుల్లోకి నీ పిల్లలొచ్చారు, నేనేం చేయను?

సాయంత్రం అందరూ అలిసిపోతే ట్యాక్సీ ఎక్కు. డబ్బు లెక్క చూడకు, నేను కొంచెం పంపుతున్నాను, వద్దనకు, గదికీ ట్యాక్సీకీ తప్ప దేనికీ వాడకు. ఆదివారం వెనక్కి వచ్చే ఆఖరి బస్సుకి కాకుండా దాని ముందుదానికి రా, ఆఖరిది తప్పితే పిల్లలతో రాత్రంతా బయటే ఉండిపోతావు. వానొచ్చి ఏదీ చూడలేకపోయినా బెంగపడకు, గదిలో పిల్లలతో పాటు పక్కల మీద గెంతండి, వాళ్ళు అదే చెప్పుకుంటారు తర్వాత.

ఇల్లు చేరగానే ఒక మెసేజ్ పెట్టు, ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను. రేపు పొద్దున తీసే ఆ ఫోటో నాకూ పంపు. బుడ్డోడు చెయ్యి అడ్డం పెట్టుకోకుండా చూడు, మొన్న పంపినదాంట్లో వాడి ముఖమే కనబడలేదు.

మీ అత్త