రాక్షసుడి చేత కథ చెప్పించేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ కథ శ్రద్ధగా చదివాను. మర్రిచెట్టు మీది బ్రహ్మరాక్షసుడి నోటనే కథంతా చెప్పించాలన్న ఆలోచన నాకు నచ్చింది. కానీ వాడు మొదటి రెండు పేజీల్లోనే తనకు జరిగిన అన్యాయాలన్నీ ఏకరువు పెట్టి మన జాలిని యాచిస్తున్నాడు. అలా యాచించేకొద్దీ పాఠకుడి మనసు బిగుసుకుపోతుంది.

మేరీ షెల్లీ 1818లో వెలువరించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలను ఈసారి పనితనం కోసం చదువు. అందులోని వికృతరూపుడు ఒక కుటీరం పక్క కొట్టంలో దాగి, ఆ ఇంటివారి తిండిలో కొంత రాత్రిపూట దొంగిలిస్తుంటాడు. వారే పస్తులుంటున్నారని గ్రహించాక దొంగతనం మాని, అడవిలో దొరికే కాయలతో, దుంపలతో కడుపు నింపుకొంటూ, వారి పొయ్యికి కావలసిన కట్టెలు చీకట్లో కొట్టి తెచ్చిపెడతాడు. అతని మీద మనకు కలిగే ఆదరమంతా ఆ కట్టెల దగ్గరే మొదలవుతుంది.

అతను కూడా మొరపెట్టుకుంటాడు కదా అని నువ్వు అడగవచ్చు. నిజమే. అయితే ఆ మొరకు ఎదుట ఒక శ్రోత ఉన్నాడు, వెనుక ఒక కోరిక ఉంది: తనను సృష్టించి వదిలేసిన విక్టర్‌ను ఆల్ప్స్ మంచుకొండల్లో నిలదీసి, తనకొక తోడును సృష్టించి ఇమ్మంటాడు. కాబట్టి అతని మాటలకు మనం కరుగుతూనే, ఇదంతా విక్టర్‌ను ఒప్పించడానికి కాదు కదా అని అనుమానిస్తూ ఉంటాము. ఆ తరువాత విక్టరే, వాడు మాటకారి, నమ్మవద్దని తన కథ వింటున్న ఓడ నాయకుడు వాల్టన్‌ను హెచ్చరిస్తాడు. నీ బ్రహ్మరాక్షసుడు ఎవరితో మాట్లాడుతున్నాడు? వారి నుంచి ఏమి ఆశిస్తున్నాడు? ఇది తేల్చుకోకుండా ఒక్క వాక్యం కూడా దిద్దవద్దు.

మనవారికి రావణుడంటే ఎప్పుడూ కొంత మక్కువే. 1961 నాటి ‘సీతారామ కల్యాణం’లో రామారావుగారి రావణుణ్ణి చూసి పెరిగిన నా తరానికి మరీను. కానీ దర్పానికి మురిసిపోవడం వేరు, సానుభూతి వేరు. మొదటిది రాక్షసుడు చేసిన పనిని మరిపిస్తుంది; రెండవది ఆ పనిని చూస్తూ కూడా నిలబడగలగాలి. షెల్లీ వికృతరూపుడు విక్టర్ తమ్ముడు, పసివాడైన విలియమ్‌ను గొంతు నులిమి చంపిన సంగతి తానే చెబుతాడు, ఆ క్షణంలో పొంగిన పైశాచికానందాన్ని సైతం దాచడు. ఆ పిల్లవాడి మెడలోని పతకాన్ని విక్టర్ ఇంటి పనిమనిషి జస్టీన్ దుస్తుల మడతలో దాచి, నిరపరాధి అయిన ఆమె మీదికి నేరం వెళ్లేలా చేసిందీ తానే చెబుతాడు. ముఖ్యంగా గమనించవలసింది మరొకటి ఉంది: చనిపోయే ముందు ఆ పిల్లవాడు భయంతో తనను తిట్టిన తిట్లను కూడా అతను పొల్లుపోకుండా అప్పజెబుతాడు. హతుడి గొంతు హంతకుడి కథనంలోనే వినిపిస్తుంది.

నీ కథలో బాటసారి ఒక్క మాటైనా మాట్లాడకుండా చనిపోయాడు. అతనికి రెండు మూడు మాటలు ఇవ్వు. వాటికి నీ రాక్షసుడి దగ్గర సమాధానం లేకపోతే మరీ మంచిది. హత్యను ‘ఏదో జరిగిపోయింది’ అని దాటవేయకుండా, చేతులతో సహా వాడి చేతనే చెప్పించు. ఇవన్నీ చేసి తిరగరాసి పంపు. వాడు వెక్కివెక్కి ఏడ్చే చివరి పేరాను మాత్రం ఇప్పుడే కొట్టివేయి.

ఇట్లు,
మీ పెదనాన్న