నెట్‌వర్కింగ్ రీసెర్చ్‌లోకి వస్తే ఇంటికి టైమ్ దొరుకుతుందా?

ముప్పై దాటాక ఉద్యోగం మానేసి నెట్‌వర్కింగ్‌లో పీహెచ్‌డీ చేయొచ్చా, చేస్తే సంసారం సంగతేమిటి అని అడిగారు. పదిహేనేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, నాకు తెలిసింది చెప్తాను.

వయసు గురించి టెన్షన్ పడకండి. రౌటర్‌లో వరుసలో ఎదురుచూసే ప్యాకెట్ల (నెట్‌లో వెళ్లే డేటా ముక్కల) క్యూ నిండకముందే కొన్నిటిని పారేసే రెడ్ (RED) అనే పద్ధతి తెచ్చినవారిలో ఒకరైన శాలీ ఫ్లాయిడ్ పుట్టింది 1950లో. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని బార్ట్ లోకల్ రైళ్ల కంప్యూటర్ వ్యవస్థల మీద కొన్నేళ్లు పనిచేశాక మళ్లీ చదువుకు వెళ్లి, 1989లో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

ఇక పని. కొత్త ప్రోటోకాల్ (కంప్యూటర్లు మాట్లాడుకునే నియమాలు) కనిపెట్టే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా ప్యాకెట్ ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అని కొలుస్తూ కూర్చోవడమే. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, 400 గజాల దూరంలో ఉన్న యూసీ బర్క్‌లీకీ మధ్య వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. కిలోబిట్లు కాదు, ఉత్త బిట్లు! ఎందుకలా అని వాన్ జాకబ్‌సన్, మైక్ కారెల్స్ అనే పరిశోధకులు తవ్వుకుంటూ పోతేనే, నెట్‌లో డేటాను సరిగ్గా చేరవేసే టీసీపీ ప్రోటోకాల్‌కి ఇవాళ మనం చదివే కంజెషన్ కంట్రోల్, అంటే రద్దీని బట్టి వేగం తగ్గించుకునే పద్ధతి, వచ్చింది.

నా తవ్వకాలు అంత గొప్పవి కావు. పీహెచ్‌డీ మూడో ఏడు నా లెక్కల్లో కొన్ని ప్యాకెట్లు పంపకముందే చేరిపోతున్నాయి. నెల రోజులు కోడ్ తిరగేశాను. తీరా చూస్తే పంపే, అందుకునే మెషీన్లలో ఒకదానిలో టైమ్ సింక్ (గడియారం సరిచేసుకోవడం) ఆగిపోయి, రెండింటి గడియారాలకూ పొంతన లేదు. అప్పటిదాకా గీసిన గ్రాఫులన్నీ చెత్తబుట్టకే. ఆ నెలలోనే మా చెల్లి పెళ్లి. ఏ ఫొటోలో చూసినా నేను ఫోన్‌లో లాగ్‌లు చూసుకుంటూ ఉంటాను, ఇప్పటికీ దెప్పుతుంది.

కాన్ఫరెన్స్ గడువుకు ముందు మూడు వారాలు మీరు ఇంట్లో ఉన్నా లేనట్టే. గడువు తేదీ ఏడాది ముందే తెలుస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు అప్పుడే చెప్పి పెట్టుకోండి. నేను చెప్పలేదు, రెండుసార్లు పాప పుట్టినరోజు పోగొట్టుకున్నాను. అందులో ఒక పేపర్ రిజెక్ట్ కూడా అయింది. జీతం మాత్రం కంపెనీ ల్యాబుల్లో ఎక్కువ, యూనివర్సిటీలో తక్కువ, అది మీకు తెలిసిందే.

ఇంకోటి, ఈ పని ఆఫీసులో ఆగదు. రౌటర్లలో, మోడెమ్‌లలో అవసరానికి మించి బఫర్లు (ప్యాకెట్లు వేచి ఉండే మెమరీ) పెడితే నెట్ ఎలా నత్తనడక నడుస్తుందో జిమ్ గెట్టిస్ అనే ప్రోగ్రామర్ 2010లో పట్టుకున్నది తన ఇంటి కనెక్షన్ మీదే. దానికే బఫర్‌బ్లోట్ అని పేరు. ఆ స్ఫూర్తితో నేనూ మా రౌటర్‌లో సొంత క్యూ అల్గారిథమ్ పెట్టాను. సరిగ్గా మా ఆవిడ ఇంటర్వ్యూ వీడియో కాల్ మధ్యలో తెగిపోయింది. ఆ ఉద్యోగం రాలేదు. కాల్ వల్లే అని ఆమె అంటుంది, కాదనే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు ఇంట్లో రెండు కనెక్షన్లు. ఒకదాని రౌటర్ పాస్‌వర్డ్ నాకు చెప్పరు.