హన్నా పెదవులు, ఏలీ అనుమానం

ప్రశ్న: మాది పర్లాకిమిడి, బాప్టిస్టు కుటుంబం. నేను ఉపాధ్యాయురాలిని, మావారు సంఘ పెద్ద. ఏడాది క్రితం మా నాన్నగారు పోయినప్పటి నుంచి నాకు నోటితో ప్రార్థన రావడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంటింటి తలుపు గడియ పెట్టుకొని, మాటలేమీ లేకుండా దేవుని ఎదుట కూర్చుంటున్నాను. మొదట్లో ఎంతో నెమ్మది కలిగేది. మూడు నెలలుగా అదీ లేదు. ఖాళీ మనసులో సాతాను చొరబడతాడని మావారు, అత్తగారు అంటున్నారు. రాత్రి కుటుంబ ప్రార్థనలో నా వంతు వచ్చినప్పుడు ఊరుకుంటున్నానని రోజూ గొడవే. మానేయమంటారా?

జవాబు: అమ్మా, మానవద్దు. అయితే ఆ గడియ సంగతి కూడా మనం మాట్లాడుకోవాలి.

మన వైపు సంఘాలలో ప్రార్థన అంటే చెవికి వినబడేదే. స్త్రీల సమాజంలో ఒకరి తరువాత ఒకరు గొంతెత్తి, చివర అందరూ ఆమేన్ అంటేనే ప్రార్థన జరిగినట్టు లెక్క. అందులో పుట్టి పెరిగిన మనిషికి భార్య మౌనం అనుమానంగా తోచడంలో వింత లేదు, యాజకుడైన ఏలీకే అలా తోచింది. బైబిలులో, షిలోహు మందిరంలో పిల్లలు లేని దుఃఖంతో ప్రార్థిస్తున్న హన్నా అనే స్త్రీ పెదవులు కదులుతున్నాయి గాని స్వరం వినబడలేదు కనుక, ఆమె తాగి ఉన్నదని ఆయన గద్దించాడు. తాను తాగలేదనీ, మనోదుఃఖంతో తన ఆత్మను దేవుని ఎదుట కుమ్మరించుకుంటున్నాననీ ఆమె చెప్పిన తరువాతే ఆయన దీవించి పంపాడు. నాన్నగారు పోయాక నోట మాట రావడం లేదని మీరు నాకు రాశారు. ఆ మాట మీవారితో అన్నారా? మీ ఉత్తరంలో ఎక్కడా నాకు కనబడలేదు. ఆయనకు కనబడేదల్లా మూసిన తలుపు ఒక్కటే.

ఖాళీ మనసు గురించి ఆయన వేసే ప్రశ్న మాత్రం మంచి ప్రశ్నే, స్పెయిన్‌లో పదహారవ శతాబ్దంలోనే అది వచ్చింది. ధ్యానంలో పైకి ఎదిగినవారు శరీరధారియైన క్రీస్తును తలచడం కూడా దాటిపోవాలని కొందరు బోధించగా, అవిలా తెరెసా (1515–1582) ఆ బోధను గట్టిగా తోసిపుచ్చింది. ఆమె దృష్టిలో మౌన ప్రార్థన అంటే మనసును తుడిచివేయడం కాదు, మనలను ప్రేమించేవాడని ఎరిగిన స్నేహితునితో ఏకాంతంగా గడపడం. ఆమె కథోలిక సన్యాసిని కదా అని అత్తగారు అనవచ్చు, నిజమే. వాదనకు దిగకండి, హన్నా కథ చదివి వినిపించండి, ఆమె ఏ మిషనుకూ చెందినది కాదు.

ఇక మూడు నెలలుగా ఆ నెమ్మది లేదన్న మాట, అంటే ప్రార్థన ఎండిపోయినట్టుండడం. తెరెసా తన ఆత్మకథలో ప్రార్థనను తోటకు నీళ్లు పెట్టడంతో పోల్చింది: నూతిలో నుంచి చేదతో తోడిపోయడం, నీటి చక్రం తిప్పడం, వాగు పారించడం, చివరకు వాన. మొదటి పనిలో చేతులు నొప్పిపెడతాయి, కొన్ని రోజులు నూతిలో నీరే ఉండదు. ప్రార్థన గంట ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం మోత కోసం చెవులు రిక్కించి కూర్చున్న సంవత్సరాలు తనకూ ఉన్నాయని ఆమె దాచకుండా రాసింది. ఆమె సహచరుడు సిలువ యోహాను ప్రార్థన ఇలా ఎండిపోవడానికి మూడు గుర్తులు చెప్పాడు: దేవుని సంగతులలోనే కాక లోకంలో దేనిలోనూ రుచి లేకపోవడం, దేవుని సరిగా సేవించడం లేదేమోనన్న బెంగ వదలకపోవడం, మునుపటిలా ఊహతో ధ్యానించలేకపోవడం. ఇది ఒట్టి మనోవ్యాకులత వల్ల కూడా వస్తుందని ఆయనే హెచ్చరించి, ఆ రెంటినీ వేరుచేసి చూడమన్నాడు. నాలుగు వందల ఏళ్ల నాటి సన్యాసికి ఉన్న ఈ జాగ్రత్త నేటి ప్రసంగీకులలో చాలామందికి లేదని నా ఫిర్యాదు.

అందుచేత అడుగుతున్నాను: నాలుగింటికి మీరు లేస్తున్నారా, లేక అప్పటికే మెలకువగా ఉంటున్నారా? అన్నం సహిస్తున్నదా? బడిలో పిల్లల అల్లరి చూసి ఎప్పుడైనా నవ్వు వస్తున్నదా? నిద్ర, ఆకలి, నవ్వు మూడూ పోయి ఉంటే అది తండ్రిని పోగొట్టుకున్న దుఃఖం ముదిరి జబ్బుగా మారడం కావచ్చు. బరంపురం వెళ్లి మానసిక వైద్యుణ్ణి చూడండి, అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. బతకాలని లేదన్న తలంపు వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా మీవారికి చెప్పండి. అవేవీ లేకుండా ప్రార్థన ఒక్కటే ఎండి ఉంటే, ఇరవై నిమిషాలు కూర్చొని, ఏమీ కలగకపోయినా లేచి పొయ్యి వెలిగించుకోండి.

గడియ మాత్రం తీసేయండి. గదిలోనికి వెళ్లి తలుపు వేసి అని మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ఉన్నదని నాకు గుర్తున్నది, కానీ ప్రభువు ఆ మాట అన్నది నలుగురికీ కనబడాలని ప్రార్థించేవారిని ఉద్దేశించి. మంచినీళ్ల కోసం వచ్చిన అత్తగారిని బయట నిలబెట్టడానికి కాదు.

కుటుంబ ప్రార్థనలో మీ వంతుకు సొంత మాటలు రానవసరం లేదు. డెబ్బయ్యవ కీర్తన మొదటి వచనం, "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము" అన్నది, చదివి ఆమేన్ అనండి. అయిదవ శతాబ్దపు తొలినాళ్లలో జాన్ కాసియన్ అనే క్రైస్తవ సన్యాసి తన గ్రంథంలో ఎడతెగని ప్రార్థనగా వాడుకోమన్నది ఈ వచనాన్నే. ఆ తరువాత మీవారు ఏమైనా అడిగితే, నాన్నగారి గురించి చెప్పడం మొదలుపెట్టండి.